ఇంట్లో యూనిట్ టెస్టు, ఆఫీసులో యూనిట్ టెస్టు

మా అమ్మాయి ఏడో తరగతి. మొన్నామధ్య రాత్రి భోజనాల దగ్గర "నాన్నా, రేపు లెక్కల యూనిట్ టెస్టు, త్రిభుజాలు" అంది. "నాక్కూడా రేపు యూనిట్ టెస్టే" అన్నాను. హాస్యానికి అన్న మాట కాదు. ఆ వారమంతా ఆఫీసులో నా పని ఒక పాత ప్రోగ్రాముకు యూనిట్ టెస్టులు రాయడమే.

"నువ్వు ఫెయిలైతే ఏం చేస్తారు?" అని అడిగింది.

"ఫెయిలయ్యేది నేను కాదమ్మా, ప్రోగ్రాము. ఎక్కడ తప్పిందో చూసి సరిచేస్తాం. మళ్ళీ అదే టెస్టు పెడతాం."

"మళ్ళీ ఫెయిలైతే?"

"మళ్ళీ సరిచేస్తాం. పాసయ్యేదాకా అంతే."

పిల్ల కాసేపు కంచంలోకి చూసి, "ప్రోగ్రాముగా పుట్టినా బావుండేది" అని లేచి చెయ్యి కడుక్కోవడానికి వెళ్ళిపోయింది.

మా నాన్నగారు ముప్ఫై రెండేళ్ళు బడిపంతులుగా పనిచేశారు. నేను ఇరవై ఏళ్ళ పైబడి సాఫ్టువేరు టెస్టింగులో ఉన్నాను. అంటే మా ఇంట్లో రెండు తరాలు పరీక్షలు పెట్టే అన్నం తిన్నాయి. ఆయన పెట్టినదాన్నీ నేను పెట్టేదాన్నీ ఒకే పేరుతో పిలుస్తున్నా, రెండూ ఒకే జాతివో కావో నేనెన్నడూ ఆలోచించలేదు. ఆ రాత్రి తరువాత చదివినవీ, అంతకుముందు తెలిసినవీ కలిపి ఇక్కడ రాసుకుంటున్నాను.

'పరీక్ష' అంటే 'పరి'తో కూడిన 'ఈక్ష', చుట్టూ తిరిగి చూడడం. మార్కులన్న అర్థం ఆ మాటలో ఎక్కడా లేదు. భాగవతంలో పరీక్షిత్తుకు ఆ పేరు రావడానికి చెప్పే కారణం నాకు ఇష్టం. తల్లి కడుపులో ఉండగా బ్రహ్మాస్త్రం నుంచి తనను కాపాడిన పురుషుణ్ణి చూశాడట. పుట్టాక కనిపించిన ప్రతి మనిషినీ, అతడేనా ఇతడని పరీక్షగా చూసేవాడట. ఆ చూపులో పాసు, ఫెయిలు లేవు, వెతుకులాట ఒక్కటే ఉంది.

కౌటిల్యుడి దారి వేరు. అర్థశాస్త్రంలో అమాత్యుల నిజాయితీని తేల్చడానికి ధర్మం, అర్థం, కామం, భయం అనే నాలుగు ఎరలతో రహస్య పరీక్షలు పెట్టమన్నాడు. చెప్పినవాడే చివర ఒక హెచ్చరిక చేర్చాడు. ఈ పరీక్షలకు రాజునుగానీ రాణినిగానీ గురిగా పెట్టకూడదనీ, నీళ్ళలో విషం కలిపినట్టు చెడనివాణ్ణి పరీక్ష పేరిట చెడగొట్టకూడదనీ. పరీక్షకు పరీక్షితుణ్ణి మార్చేసే గుణం ఉందని ఇంత పాతకాలంలోనే గుర్తించాడన్నమాట. ఈ సంగతి తరువాత మళ్ళీ పనికివస్తుంది, గుర్తుంచుకోండి.

మన వీధిబడుల్లో విడిగా పరీక్ష అంటూ ఉండేది కాదు. ఉన్నది 'అప్పజెప్పడం'. ఇవాళ్టి పాఠం రేపు పంతులుగారికి అప్పజెప్పాలి. వచ్చిందా, ముందు పాఠం. రాలేదా, అదే పాఠం. పక్కవాడు ఎక్కడున్నాడన్న లెక్క లేదు. సాయంత్రం ఇళ్ళకు పోయేముందు ఎక్కాలూ, తిథివార నక్షత్రాలూ అందరూ కలిసి వల్లించేవారు. ఇవాళ నేర్చుకున్న కొత్తది నిన్నటిదాన్ని చెరిపేయలేదని రోజూ రూఢి చేసుకోవడం అది. మా పనిలో దీన్నే రిగ్రెషన్ టెస్టింగు అంటాం. కొత్త మార్పు చేసిన ప్రతిసారీ పాత టెస్టులన్నీ మళ్ళీ నడపడం. రోజూ రాత్రి ఆఫీసు కంప్యూటర్లు మా ప్రోగ్రాము చేత ఎక్కాలు అప్పజెప్పించుకుంటాయని అమ్మాయికి చెబితే నవ్వింది.

వీధిబడిని నేను నెత్తిన పెట్టుకోవడం లేదు. కోదండం వేయించిన బడి అది. ఆడపిల్లలకూ, ఊరి చివర ఇళ్ళ పిల్లలకూ తలుపు తెరవని బడి. అయినా ఆ పద్ధతిలో ఏదో ఉందని 1789 ప్రాంతంలో మద్రాసు ఎగ్మూరులోని అనాథబాలుర ఆశ్రమానికి అధిపతిగా వచ్చిన ఆండ్రూ బెల్ అనే ఫాదిరీకి తోచింది. అరుగుమీది బడిలో పిల్లలు ఇసుకలో అక్షరాలు దిద్దడం చూసి, తన ఆశ్రమంలో ప్రవేశపెట్టాడు. పెద్దపిల్లలు చిన్నపిల్లలకు చెప్పి, అప్పజెప్పించుకునే ఏర్పాటు చేసి, అదంతా పుస్తకంగా రాసి ఇంగ్లండుకు తీసుకుపోయాడు. అక్కడ దానికి 'మద్రాసు పద్ధతి' అని పేరు వచ్చింది. ఎగుమతి అయిన సరుకుల జాబితాలో మనం దీన్ని సాధారణంగా రాసుకోము.

మౌఖిక పరీక్ష అనగానే మనకు వేరే ఒకటి తోచాలి కదా, అవధానం. రామాయణంలో పిడకలవేట అనుకోకపోతే ఇక్కడ కాసేపు ఆగుతాను. నాకు తెలిసినంతలో ఇంత నిర్దయగా రూపొందించిన పరీక్ష మరొకటి లేదు. సమస్య, దత్తపది, వర్ణన, ఆశువు సామర్థ్యాన్ని చూస్తాయి. నిషిద్ధాక్షరి అలా కాదు. ప్రాశ్నికుడు ఎదురుగా కూర్చుని, కవి వేయబోయే అక్షరాన్ని ఊహించి ముందే అడ్డం కొడతాడు. మా భాషలో శత్రువేషం వేసుకుని చేసే టెస్టు అది. ఘంటాగణనం వెనక నడుస్తూ ఉండే చిన్నపని. గంట ఎన్నిసార్లు మోగిందో పద్యాల మధ్యన లెక్క తప్పకూడదు. ఇక అప్రస్తుత ప్రసంగి. పరిహాసానికి కూర్చోబెట్టారని చిన్నప్పుడు అనుకునేవాణ్ణి. నెట్‌ఫ్లిక్స్‌వారు తమ సొంత సర్వర్లను నడుస్తుండగానే ఇష్టం వచ్చినట్టు ఆపేసి వ్యవస్థ తట్టుకుంటుందో లేదో చూసే 'కేయాస్ మంకీ' అనే పనిముట్టు చేశారని 2011 ప్రాంతంలో చదివినప్పుడు అర్థమయింది, ఆ కోతి మన అప్రస్తుత ప్రసంగికి తమ్ముడని. ముఖ్యమైన పని జరుగుతుండగా అడ్డం తగిలి, ధార తెగుతుందా లేదా అని చూడడమే ఇద్దరి ఉద్యోగమూ.

అవధానంలో మరొక విశేషం ఉంది. అది అందరికీ పెట్టే పరీక్ష కాదు. 'నేను సిద్ధం' అని వచ్చి కూర్చున్నవాడికి మాత్రమే పెడతారు.

అందరికీ ఒకే ప్రశ్నలు, ఒకే సమయం, కాగితంమీద జవాబులు అనేది వేరే కథ. చైనాలో రాజోద్యోగాలకు ఇలాంటి పరీక్షలు పదమూడు వందల ఏళ్ళు సాగి 1905లో ఆగాయి. బడిపిల్లల విషయంలో మాత్రం 1845లో అమెరికాలోని బోస్టను నగరంలో జరిగినదాన్ని మలుపుగా చెప్పుకోవచ్చు. అప్పటిదాకా ఏడాదికొకసారి పెద్దలు బడికి వచ్చేవారు. పంతులుగారు బాగా వచ్చిన పిల్లల్ని నిలబెట్టి నాలుగు ప్రశ్నలు అడిగించేవారు. అందరూ సంతోషించి వెళ్ళేవారు. ఆ ఏడాది హోరేస్ మాన్ ప్రోద్బలంతో ఆయన మిత్రుడు శామ్యూల్ హౌ, తోటి పరీక్షకులు పంతుళ్ళకు ముందుగా తెలియకుండా అచ్చువేసిన ప్రశ్నపత్రాలతో బడులకు వచ్చి, పై తరగతి పిల్లలు ఐదు వందలమందికి పైగా ఇచ్చారు. ఫలితాలు ఘోరంగా వచ్చాయి. కంఠతా వచ్చిన పాఠానికి అర్థం అడిగితే పిల్లలు నోరు తెరిచారు. పెద్ద రభస జరిగింది. కొందరు పంతుళ్ళ కుర్చీలు కదిలాయి.

ఆ పరీక్షలో మాన్ వెతికింది పిల్లల్లో లోపం కాదు, బడుల్లో లోపం. ఏ బడి ఎలా చెబుతోందో తేల్చడానికి పిల్లల జవాబులు సాక్ష్యం మాత్రమే. నా వృత్తి దృష్టితో చూస్తే అది అచ్చమైన టెస్టింగు. తరువాతి నూటయాభై ఏళ్ళలో వేలు మెల్లగా బడి మీదినుంచి పిల్లవాడి మీదికి తిరిగింది.

వేలు తిరగడానికి డబ్బు ఎంత తోడ్పడిందో ఇంగ్లండులో చూడవచ్చు. 1862లో రాబర్ట్ లో అనే మంత్రి బడులకిచ్చే గ్రాంటును పరీక్షాఫలితాలకు ముడిపెట్టాడు. ఇన్‌స్పెక్టరు వచ్చి ఒక్కొక్క పిల్లవాడికీ చదవడం, రాయడం, లెక్కలు చూస్తాడు. ఒక్కటి తప్పితే బడికి రావలసిన దాంట్లో రెండు షిల్లింగుల ఎనిమిది పెన్నీలు కోత. ఆ ఇన్‌స్పెక్టర్లలో కవి మాథ్యూ ఆర్నాల్డ్ ఒకడు. పిల్లలు పాఠ్యపుస్తకాన్ని కంఠస్థం చేసి, చదవడం రాకుండానే చదువు పరీక్ష గట్టెక్కగలరని తన నివేదికల్లో మొత్తుకున్నాడు. 1890ల దాకా ఆ పద్ధతి పూర్తిగా పోలేదు. దాని తమ్ముడు మన మద్రాసు రాజధానిలోనూ అడుగుపెట్టాడు. 'రిజల్ట్సు గ్రాంటు' పేరుతో, ఎందరు పాసయితే అంత అన్న లెక్కన బడులకు డబ్బిచ్చారు. ఆ గ్రాంటుకు ఆశపడి సర్కారు పరీక్షల దారికి వచ్చిన వీధిబడులూ ఉన్నాయి.

1857లో కలకత్తా, బొంబాయి, మద్రాసు విశ్వవిద్యాలయాలు వచ్చాయి. మొదట్లో వాటికి పాఠం చెప్పే పనే లేదు. పరీక్షలు పెట్టడం, పట్టాలివ్వడం, అంతే. మరుసటి ఏడు కలకత్తాలో మొట్టమొదటి బీఏ పరీక్ష జరిగితే ఒక్కరూ నికరంగా గట్టెక్కలేదు. ఇద్దరు మాత్రం ఒక్క విషయంలోనే కొద్ది మార్కులతో తప్పారని, గ్రేసు మార్కులు కలిపి పాసు చేశారు. ఆ ఇద్దరిలో ఒకాయన బంకించంద్ర చటర్జీ. గ్రేసు మార్కులతో పాసయ్యానని సిగ్గుపడే మా కాలపు మిత్రులందరికీ ఈ సంగతి సాదరంగా సమర్పిస్తున్నాను. ఆ తరువాత యాభై ఏళ్ళకు పరీక్ష తప్పడం అనేది మన ఇళ్ళలో ఎంత పెద్ద భయంగా మారిందో చూడాలంటే 'కన్యాశుల్కం' చాలు. వెంకటేశం పరీక్ష తప్పి ఇంటికి వెళ్ళడానికి వణకడమే గిరీశానికి అగ్నిహోత్రావధాన్లు ఇంటికి దారి తెరిచింది.

ఇక రెండు చరిత్రలూ ఒకచోట ముట్టుకున్న ఘట్టం. అమెరికాలో 1914 ప్రాంతంలో ఫ్రెడరిక్ కెల్లీ ఒక్కటే సరైన జవాబుండే ప్రశ్నలతో పఠన పరీక్ష తయారుచేశాడు. దిద్దడం సులువు కావాలన్నదే ఆ రూపానికి కారణం. మొదటి ప్రపంచయుద్ధంలో పదిహేడు లక్షలమంది సైనికులకు అలాంటి పరీక్షలు పెట్టారు. దిద్దడమే పెద్దపని అయింది. 1930లలో మిషిగన్ రాష్ట్రంలో రేనాల్డ్ జాన్సన్ అనే హైస్కూలు సైన్సు మాస్టరు ఒక కిటుకు కనిపెట్టాడు. పెన్సిలు గీతలోని గ్రాఫైటు గుండా విద్యుత్తు పారుతుంది కదా, ఆ గీత ఎక్కడ ఉందో యంత్రమే పసిగట్టి మార్కులు వేయగలదు. ఐబీఎం ఆ ఊహను కొనుక్కుని, అతణ్ణి ఉద్యోగంలోకి తీసుకుంది. 1938లో ఐబీఎం 805 అనే పరీక్షలు దిద్దే యంత్రం బజారులోకి వచ్చింది. అదే జాన్సన్ నాయకత్వంలో 1956లో మొట్టమొదటి హార్డుడిస్కు తయారయింది. అంటే మనం ఎంసెట్‌లో గుండ్రాలు నింపిన ఓఎంఆర్ పత్రానికి పూర్వరూపమూ, ఈ వ్యాసం దాచుకున్న డిస్కుకు పూర్వరూపమూ ఒకే బడిపంతులు చలవ.

కంప్యూటర్లు వచ్చిన కొత్తలో వాటికి పరీక్ష అన్న ఊహే లేదు. ప్రోగ్రాము రాసినవాడే నడిపి చూసుకునేవాడు, ఆగిపోతే ఎందుకాగిందో వెతుక్కునేవాడు. 1947లో హార్వర్డు యంత్రంలో చిక్కిన రెక్కలపురుగు కథ అందరికీ తెలిసిందే. అయితే యంత్రాల్లో లోపాన్ని 'బగ్' అనడం అంతకు చాలా ముందే, ఎడిసన్ కాలానికే ఉంది. నిజమైన పురుగే దొరికింది గనుక నవ్వుకుంటూ దాన్ని లాగుబుక్కులో అతికించారు.

నన్ను ఆశ్చర్యపరచినవాడు ట్యూరింగు. 1949 జూన్‌లో కేంబ్రిడ్జిలో చదివిన చిన్న పత్రంలో, పెద్ద ప్రోగ్రాము సరైనదేనని ఎలా తేల్చాలి అన్న ప్రశ్న వేసి, చిన్నపిల్లల కూడిక ఉదాహరణగా ఇచ్చాడు. నాలుగైదు పెద్ద అంకెలు కూడి కింద మొత్తం ఒక్కటే రాస్తే, దిద్దేవాడు మళ్ళీ మొదటినుంచి కూడాల్సిందే. ప్రతి స్థానం దగ్గరా చేతిలో ఎంత మిగిలిందో పైన వేసి ఉంచితే, ఒక్కొక్క నిలువువరుసనూ విడివిడిగా, వేరువేరు మనుషులచేత కూడా సరిచూడవచ్చు. అలాగే ప్రోగ్రాములోనూ నడిమధ్యన 'ఇక్కడికి వచ్చేసరికి ఇది ఇలా ఉండాలి' అని రాసుకోవాలన్నాడు. ఇది చదివి మా నాన్నగారికి ఫోను చేశాను. "ఇందులో ఏముందిరా, స్టెప్పు మార్కులే కదా" అన్నారు. నిజమే, స్టెప్పు మార్కులే.

1957లో చార్లెస్ బేకర్ ఒక పుస్తకాన్ని సమీక్షిస్తూ, ప్రోగ్రాము నడిచేలా చేయడం వేరు, అది చేయవలసిన పనే చేస్తోందా అని చూడడం వేరు అని విడదీసి చెప్పాడు. అప్పటినుంచి టెస్టింగు తన కాళ్ళమీద నిలబడడం మొదలయింది. 1979లో గ్లెన్‌ఫర్డ్ మయర్స్ దాన్ని తలకిందులు చేశాడు. టెస్టు చేయడమంటే ప్రోగ్రాము సరిగా ఉందని చూపించడం కాదు, తప్పులు దొరకాలన్న ఉద్దేశంతో దాన్ని నడపడం అన్నాడు. అతని లెక్కలో తప్పు పట్టిన టెస్టే గెలిచిన టెస్టు. అదే వాక్యాన్ని బడికి తీసుకుపోతే ఎంత గందరగోళమో చూడండి. అమ్మాయికి పాతిక్కి పాతిక వస్తే మాకు ఆనందం. మయర్స్ అయితే 'ఆ ప్రశ్నపత్రం వృథా అయింది, దానివల్ల మనకు కొత్తగా ఏమీ తెలియలేదు' అంటాడు.

ఆ పుస్తకం మొదట్లోనే పాఠకుడికి పరీక్ష ఉంది. మూడు పూర్ణాంకాలు తీసుకుని, అవి భుజాలుగా గల త్రిభుజం సమబాహువా, సమద్విబాహువా, విషమబాహువా చెప్పే ప్రోగ్రాము ఉందనుకోండి. దాన్ని పరీక్షించడానికి ఏయే అంకెలు ఇస్తారో రాయమంటాడు. తరువాత పద్నాలుగు ప్రశ్నలతో మనల్ని మనమే దిద్దుకోవాలి. అనుభవజ్ఞులైన ప్రోగ్రామర్లకు కూడా పద్నాలుగింటికి సగటున 7.8 మాత్రమే వచ్చాయని రాశాడు. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో రాస్తే ఆరు వచ్చాయి.

టెస్టుల్లో రకాల గురించి పెద్దగా చెప్పను, మీలో చాలామంది ఆ గానుగ తిరిగినవారే. అమీర్‌పేటలో మైత్రీవనం చుట్టుపక్కల 'మాన్యువల్ టెస్టింగ్, విన్‌రన్నర్, క్యూటీపీ' అన్న బోర్డుల కింద నోట్సు రాసుకున్న తరం మనది. ఒక్కొక్క చిన్న భాగాన్ని విడిగా చూసేది యూనిట్ టెస్టు. భాగాలు కలిపి చూసేది ఇంటిగ్రేషన్ టెస్టు. మొత్తాన్ని చూసేది సిస్టం టెస్టు. కొన్నవాడు వచ్చి చూసుకునేది యాక్సెప్టెన్స్ టెస్టు. బడిలోనూ యూనిట్ టెస్టులు, క్వార్టర్లీ, హాఫ్ ఇయర్లీ, చివరికి బయటివాళ్ళు వచ్చి దిద్దే పబ్లిక్ పరీక్ష అదే మెట్ల వరసలో ఉన్నాయి. లోడు టెస్టు మాత్రం బడిలో లేదు. దాన్ని ఫలితాలు వెలువడే రోజు మధ్యాహ్నం లక్షలాది తల్లిదండ్రులు కలిసి వెబ్‌సైట్ల మీద పెడుతుంటారు.

వరస ఒకటే అయినా వాటితో చేసే పని వేరు. 1967లో మైకేల్ స్క్రివెన్ అనే తత్త్వవేత్త దీనికి పేర్లు పెట్టాడు. తయారవుతున్నదాన్ని బాగుచేయడానికి చేసే మూల్యాంకనం ఒకటి, తయారైనదానిమీద తీర్పు చెప్పడానికి చేసేది మరొకటి. పొయ్యి మీద పులుసు ఉండగా వంటమనిషి గరిటెతో అరచేతిలో చుక్క వేసుకుని నాకి చూడడానికీ, వడ్డించాక అతిథి రుచి చూడడానికీ ఉన్న తేడా అని రాబర్ట్ స్టేక్ చెప్పిన పోలిక ప్రసిద్ధం. మొదటి రుచికి ఉప్పు వేసే వీలుంటుంది.

సాఫ్టువేరు గత పాతికేళ్ళలో నడిచింది ఈ మొదటి రుచి వైపే. 1970లలో పని అంతా అయ్యాక చివర్న టెస్టు. ఆ వరసను బొమ్మగీసి చూపించిన విన్‌స్టన్ రాయిస్ సైతం, ఇలా చివరికి వదలడం ప్రమాదమని ఆ 1970 పత్రంలోనే రాశాడు. బొమ్మను చూసినవారు వాక్యం చదవలేదు. 1997లో కెంట్ బెక్, ఎరిక్ గామా జ్యూరిక్ నుంచి అట్లాంటాకు విమానంలో పోతూ పక్కపక్క సీట్లలో కూర్చుని జేయూనిట్ అనే చిన్న పరికరం రాశారు. తరువాత బెక్ మరింత ముందుకు పోయి, ముందు టెస్టు రాసి, అది ఎర్రగా తప్పడం చూసి, ఆ తరువాతే ప్రోగ్రాము రాయమన్నాడు. తప్పడంతోనే పని మొదలవుతుందన్నమాట. ఎర్రరంగు చూసి మా ఆఫీసులో ఎవరూ ఏడవరు.

బడి కూడా ఆ దారిలో నడవాలని మన దేశంలో ప్రయత్నించింది, ఆ మాట ఒప్పుకోవాలి. 2009 విద్యాహక్కు చట్టం నిరంతర సమగ్ర మూల్యాంకనం అన్నది. స్క్రివెన్ పెట్టిన పేర్లే మన పల్లెటూరి బడుల దాకా వచ్చి ఎఫ్ఏ-1, ఎస్ఏ-1 అయ్యాయి. వచ్చాక ఏమయింది? ఉప్పు చూసుకోవడానికి పెట్టిన ఎఫ్ఏకూ ప్రశ్నపత్రం, మార్కులు, రిజిస్టరు, ఆన్‌లైన్ నమోదు తయారయ్యాయి. ప్రాజెక్టు పనులకు పుస్తకాల షాపుల్లో రెడీమేడ్ చార్టులు వచ్చాయి. సీబీఎస్ఈ 2017లో ఆ పద్ధతికే స్వస్తి చెప్పింది. యాభైమంది పిల్లలున్న గదిలో ఒక్క పంతులు యాభై గిన్నెల్లో ఉప్పు ఎలా చూస్తాడని అడిగినవారు తక్కువ. మా పనిలో ఆ రుచి చూసేది యంత్రం గనుక సాగింది. ఈ తేడా మరిచిపోయి బడిని వెక్కిరించడం నాకు ఇష్టం లేదు.

పైగా మేమేమీ మచ్చలేని చంద్రులం కాము. ఇక్కడే కౌటిల్యుడు గుర్తుకు రావాలి. కొన్నేళ్ళ కిందట నేను పనిచేసిన ఒక కంపెనీలో, ప్రోగ్రాములో కనీసం తొంభై శాతం పంక్తులు టెస్టుల్లో నడవాలని నియమం పెట్టారు. దానికీ మా ఏడాది చివరి బోనసుకూ లంకె. మూడు నెలల్లో తొంభై రెండు శాతం చేశాం. ఎలాగంటారా, ప్రోగ్రామును నడిపించి, వచ్చిన జవాబు సరైనదో కాదో మాత్రం అడగని టెస్టులు రాశాం. వాటిలో తప్పడానికి వీలున్నది ఒక్కటీ లేదు. నేనూ రాశాను, ఆ బోనసూ తీసుకున్నాను. తరువాత బిల్లుల్లో పైసలు గుండ్రం చేసే దగ్గర తప్పు బయటపడి, వేలమంది ఖాతాల్లో చిల్లర తేడాలు వస్తే, ఆ పంక్తి మీద ఆకుపచ్చ గుర్తు నిగనిగలాడుతూ ఉంది. పుస్తకం కంఠతా పట్టించిన లో కాలపు పంతుళ్ళను తప్పుపట్టే నైతికార్హత నాకు ఆరోజే పోయింది.

మా నాన్నగారు చెప్పే కథ ఒకటుంది. ఇన్‌స్పెక్టరుగారు ప్రశ్న అడగగానే తరగతిలో అందరూ చెయ్యెత్తేవారట. తెలిసినవాళ్ళు కుడిచెయ్యి, తెలియనివాళ్ళు ఎడమచెయ్యి. పంతులు కుడిచేతుల్లోంచి ఒకణ్ణి లేపేవాడు. 2015లో ఫోక్స్‌వాగన్ కంపెనీ కార్లలో బయటపడ్డ సాఫ్టువేరు ఇంతకంటే గొప్పదేమీ కాదు. స్టీరింగు తిరగకుండా చక్రాలు మాత్రమే తిరుగుతుంటే ఇది పొగపరీక్ష అని కనిపెట్టి, అప్పుడు మాత్రం బుద్ధిగా నడిచేది. రోడ్డెక్కగానే మామూలే. కోటికి పైగా కార్లు ఎడమచెయ్యి ఎత్తాయి.

టెస్టు రాసినవాడికి తోచనిది టెస్టులో ఉండదు. 1996లో ఏరియాన్ 5 రాకెట్టు ఎగిరిన నలభై సెకన్ల లోపే ముక్కలయింది. ఏరియాన్ 4లో చక్కగా పనిచేసిన ప్రోగ్రామునే పెట్టి, కొత్త రాకెట్టు వేగంతో దాన్ని మళ్ళీ పరీక్షించలేదు. మన ఇంటి ఉదాహరణ ఇంకా ముచ్చటైనది. 2018 ఫిబ్రవరిలో ఐఫోన్లను ఒక్క తెలుగు అక్షరం కూల్చేసింది. అది 'జ్ఞా'. మామూలుగా రాసేది కాదు, ఞ వత్తుకూ దీర్ఘానికీ మధ్య కంటికి కనబడని ఒక విడదీసే గుర్తు ఇరికించినది. సందేశంలో అది వస్తే చాలు, ఆ ఆప్ మూతపడేది. కొద్దిరోజుల్లో ఆపిల్‌వారు సరిచేశారు. లేఖినిలో పొల్లులతో, విరిగిపోయే వత్తులతో కుస్తీ పట్టిన మనలాంటివాళ్ళలో ఒక్కణ్ణి పిలిచి కూర్చోబెట్టి ఉంటే, ఆ అక్షరం ఒక పూటలో దొరికి ఉండేది. ప్రపంచంలోని అన్ని అక్షరాల్లోనూ కూలిపోవడానికి జ్ఞానమే దొరికిందా అని ఆ వారమంతా నవ్వుకున్నాం.

అన్నీ నవ్వుకునేవి కావు.

2019 ఏప్రిల్‌లో తెలంగాణ ఇంటర్మీడియట్ ఫలితాలు వచ్చాయి. ఆ ఏడాది ఫలితాలు గణించే పని కొత్త సాఫ్టువేరుకు అప్పగించారు. రాసినవాళ్ళు తొమ్మిది లక్షలకు పైగా, తప్పినవాళ్ళు మూడు లక్షలకు పైగా. పరీక్ష రాసినవారు కొందరు రానివారుగా కనిపించారు. మొదటి సంవత్సరంలో మంచి మార్కులు తెచ్చుకున్న ఒక అమ్మాయికి తెలుగులో సున్నా వచ్చింది. కాగితం తీసి చూస్తే అసలు మార్కులు తొంభై తొమ్మిది. దిద్దినవారు ఓఎంఆర్ పత్రం మీద తొమ్మిది గుండ్రానికి బదులు సున్నా గుండ్రం నింపారట. తరువాత కొద్దిరోజుల్లో ఇరవైమందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు. అందరి విషయంలోనూ ఆ పొరపాట్లే కారణమని చెప్పలేము. చెప్పడం న్యాయమూ కాదు. ప్రభుత్వం ముగ్గురు సభ్యుల కమిటీ వేసింది. తప్పినవారందరి పత్రాలనూ ఉచితంగా తిరిగి చూశారు. వెయ్యిమందికి పైగా పాసయినట్టు తేలింది. పునఃపరిశీలన ఫలితాలను మరో స్వతంత్ర సంస్థ చేత కూడా సమాంతరంగా గణింపజేసి సరిచూడాలన్నది ఆ కమిటీ సూచనల్లో ఒకటి.

ఆ వార్తలు చదివిన వారం నాకు సరిగా నిద్ర పట్టలేదు. సమాంతరంగా నడపడం అన్నది మా పనిలో ఓనమాలు. కొత్తదాన్ని నమ్మేముందు పాతదాన్నీ దాన్నీ పక్కపక్కన నడిపి, రెండు జవాబులూ ఒకటేనా అని చూస్తాం. బాగా చదివే పిల్లకు ఒక్క విషయంలో సున్నా వస్తే 'ఇది మనిషి చూడాలి' అని పక్కన పెట్టే నియమం నాలుగు పంక్తుల పని. పిల్లలకు పెట్టిన పరీక్షలో తప్పినవారి లెక్క ఒక్క అంకెతో సహా ప్రకటించారు. ఆ లెక్క కట్టిన ప్రోగ్రాముకు ఎవరు ఏ పరీక్ష పెట్టారో, అది అందులో ఎన్నిసార్లు తప్పిందో ఎవరూ అడగలేదు. మయర్స్ చెప్పినట్టు తప్పు పట్టాలనే కోరికతో ఒక్కరు కూర్చుని ఉంటే, ఏయే అంకెలు ఇచ్చి ఉండేవారా అని ఇప్పటికీ అప్పుడప్పుడు రాసి చూసుకుంటుంటాను. పరీక్షకు రానివాడు ఒకడు. అన్నింటిలోనూ తొంభై తొమ్మిది వచ్చినవాడు ఒకడు. ఒక్క దాంట్లోనే సున్నా వచ్చిన పిల్ల ఒకతె.

ఆ ఆదివారం అమ్మాయికి మయర్స్ త్రిభుజాల ఆట ఇచ్చాను. కాగితం నింపేసింది. 3, 3, 3. 3, 3, 4, దాన్నే అటూ ఇటూ మార్చి మరో రెండు. 1, 2, 3 రాసి, పక్కన "ఇది గీతే అవుతుంది, త్రిభుజం కాదు" అని వ్యాఖ్య. సున్నాలు. మైనస్ ఐదు. చివర్న అంకెలకు బదులు తమ లెక్కల టీచరు పేరు రాసింది. దిద్దితే పద్నాలుగుకు తొమ్మిది. కెంట్ బెక్ అంతటివాడు కాకపోయినా నా మొదటి ప్రయత్నం కన్నా మూడు ఎక్కువ.

మంగళవారం బడిలో యూనిట్ టెస్టు కాగితాలు ఇచ్చారు. పాతిక్కి పదిహేడు. పోయిన ఎనిమిదిలో ఐదు ఒక్క లెక్క దగ్గరే, బాహ్యకోణం ధర్మం తలకిందులుగా పట్టుకుంది. ఎర్రసిరాతో అడ్డగీత ఉంది, పక్కన ఏమీ లేదు. "రా, ఇది ఎక్కడ తప్పిందో చూద్దాం, మళ్ళీ చేద్దువుగాని" అన్నాను.

"అయిపోయింది నాన్నా ఆ చాప్టరు" అంది, సంచీలోంచి వేరే నోటుపుస్తకం తీస్తూ. "రేపటినుంచి నిష్పత్తులు."